పడవ పొయ్యి కొనేముందు పడవ అడుగు చూడండి

పడవలోకి ఏ గ్యాసు పొయ్యి కొంటే మంచిదని ఈమధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఇంగ్లండులో ఇంటద్దెలు చూసి బెంబేలెత్తి, కాలువ మీద ఓ పడవ కొనుక్కుని అందులోనే ఉంటే ఎలా ఉంటుందా అని ఆలోచించే మనవాళ్ళు అక్కడక్కడా కనిపిస్తున్నారు. మేమిద్దరం మూడేళ్ళుగా గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద 57 అడుగుల నేరోబోటులో కాపురం చేస్తున్నాం కాబట్టి, నాకేదో తెలుసని వాళ్ళ నమ్మకం. మూడు బర్నర్లా నాలుగా, గ్రిల్ కావాలా వద్దా, పైన గాజు పలక ఉన్నది మంచిదా స్టీలుదా... ఇలా సాగుతాయి ప్రశ్నలు. నేను మాత్రం "పడవ అడుగు చూశారా?" అని మొదలుపెడతాను. పొయ్యి గురించి అడిగితే పడవ అడుగు గురించి చెబుతాడేమిటి వీడు, అన్నట్టు చూస్తారు.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ దేశపు కాలువల్లో చాలావరకు పద్ధెనిమిదో శతాబ్దంలో తవ్వినవి. వాటి మీద కట్టిన లాకుల్లో చాలా ఏడడుగుల వెడల్పువి. కాబట్టి పడవ వెడల్పు ఏడడుగుల లోపే ఉండాలి. మన రైలు పెట్టె కన్నా సన్నం అన్నమాట. పొడవు మాత్రం మీ ఓపిక, 70 అడుగుల దాకా ఉంటాయి. ఒకప్పుడు వీటిలో బొగ్గు మోసేవారు, వెనకవైపు చిన్న గదిలో కుటుంబమంతా బతికేది, వంట బొగ్గు పొయ్యి మీద. ఇప్పుడు బొగ్గు పెట్టిన చోట మాలాంటివాళ్ళం సోఫాలు, లాప్‌టాపులు పెట్టుకున్నాం. వంటకి గ్యాసు.

ఇక అడుగు సంగతి. సిలిండరులో ఉండే ప్రొపేను గాలి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే కిందకి దిగుతుంది. ఇంట్లో అయితే తలుపు కింద సందుంటుంది, వంటింటి తూము ఉంటుంది, పెరటి గుమ్మం ఉంటుంది. గ్యాసు వాసన రాగానే మా అమ్మ స్విచ్చి ముట్టుకోకుండా తలుపులన్నీ బార్లా తీసేది. కాసేపటికి అంతా పోయేది. పడవలో అలా కుదరదు. లోపలికి మెట్లు దిగి వెళ్ళాలి. నేల నీటిమట్టం కన్నా కింద ఉంటుంది. తలుపు తీసినా గ్యాసు మెట్లెక్కి బయటికి పోదు కదా! నీళ్ళని లోపలికి రానివ్వని ఆ ఇనుమే గ్యాసును బయటికి పోనివ్వదు. పడవంటే ఓ పెద్ద గిన్నె, అంతే.

వృత్తి ధర్మం ప్రకారం నేనొక లెక్క వేశాను. కిలో ప్రొపేను ఆవిరైతే సుమారు అర ఘనమీటరు పైచిలుకు గ్యాసవుతుంది. మా పడవ లోపలి జాగా 40 ఘనమీటర్లకు కాస్త ఎక్కువ. గాలిలో ప్రొపేను 2 శాతం దాటితే నిప్పు తగిలినప్పుడు అంటుకుంటుంది. అంటే పడవంతా ఆ స్థితికి రావడానికి కిలోన్నర గ్యాసు చాలు, 13 కిలోల సిలిండరులో ఎనిమిదో వంతు. కానీ గ్యాసు పడవంతా సమానంగా పరుచుకోదు, అడుగున చేరుతుంది. అరడుగు మందాన పేరుకుందనుకుంటే 125 గ్రాములు చాలు. మోస్తరు బర్నరు గంటకి 140 గ్రాముల దాకా వదులుతుంది. మంట ఆరిపోయి నాబ్ తెరిచి ఉండిపోతే గంటలోపే ఆ పని అయిపోతుంది. నిజజీవితంలో గాలి కదులుతుంది, కొంత కలిసిపోతుంది, కాగితం మీద లెక్కంత కచ్చితంగా జరగదు. అయినా ఏ స్థాయిలో మాట్లాడుకుంటున్నామో తెలియడానికి ఈ లెక్క పనికొస్తుంది.

భయపెట్టడానికి కాదు ఇదంతా. ఇక్కడ వేలాది పడవల్లో రోజూ గ్యాసు మీదే వండుకుంటున్నారు, మేమూ వండుకుంటున్నాం. నేను చెప్పొచ్చేదేమిటంటే, పడవలో వంట కోసం పెట్టే డబ్బూ శ్రద్ధా ముందు కంటికి కనపడని వాటి మీద పెట్టాలి. పొయ్యి చివర్న రావాలి. మనవాళ్ళు సరిగ్గా తలకిందులుగా చేస్తారు. తళతళలాడే పొయ్యి చూసి పడవ కొనేస్తారు.

సిలిండరు ఉండే అర చూడండి మొదట. అది సాధారణంగా పడవ ముక్కు దగ్గర ఉంటుంది. లోపలి గదులతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు, సూదిమొనంత సందు కూడా. దాని అడుగున ఓ కన్నం ఉండి, అది నీటిమట్టానికి పైన పడవ బయటికి తెరుచుకోవాలి, లీకైన గ్యాసు అటునుంచి అటే పోవాలి. ఆ కన్నంలో ఎండుటాకులూ తుప్పు పెచ్చులూ పేరుకుంటే అర ఉండీ ఒకటే లేకా ఒకటే. సిలిండరు నిలువుగా, కదలకుండా కట్టి ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి వస్తుంది. మేము చూసిన పడవల్లో ఒకదాంట్లో ఆ అరలో లంగరు, గొలుసు, పాత పెయింటు డబ్బాలు, వాటి మధ్య సిలిండరు. గొలుసు రాసుకుని రాసుకుని రబ్బరు గొట్టం మీద గాడి పడింది. వంటగది మాత్రం సినిమా సెట్టింగులా ఉంది!

సిలిండరు ఎర్రదా నీలందా అని కూడా అడుగుతారు. ఇక్కడ ఎర్రది ప్రొపేను, నీలంది బ్యూటేను. బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. జనవరిలో పొద్దున్నే కాఫీ కావాలంటే ప్రొపేనే గతి, దానికి మైనస్ 42 దాకా దిగులు లేదు. ప్రొపేను రెగ్యులేటరు 37 మిల్లీబార్ల ఒత్తిడితో గ్యాసు ఇస్తుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇండియా నుంచి లగేజీలో స్టవ్వు తెచ్చుకుందామనుకునేవాళ్ళు నాకు ఇద్దరు తగిలారు. మన స్టవ్వులు 30 మిల్లీబార్లకి, బ్యూటేను కలిసిన మన సిలిండరుకి తగ్గట్టు తయారైనవి. పైగా వాటిలో చాలావాటికి మంట ఆరితే గ్యాసు ఆపే ఏర్పాటు ఉండదు. తేవద్దు. ఆ బరువుకి ఆవకాయ తెచ్చుకోండి.

ఆ ఏర్పాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, పొయ్యిలో నేను చూసే మొదటి గుణం అదే కాబట్టి. ప్రతి బర్నరు పక్కనా చిన్న లోహపు పుల్ల ఒకటి ఉంటుంది. మంట వేడికి అందులో అతి స్వల్పంగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఒక బుల్లి అయస్కాంతాన్ని పనిచేయించి గ్యాసు దారిని తెరిచి ఉంచుతుంది. మంట ఆరిందా, పుల్ల చల్లారుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, దారి మూసుకుంటుంది. వెలిగించాక నాబ్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాల్సి వచ్చేది ఇందుకే. పాలు పొంగి మంట ఆరిపోవడం తెలియని తెలుగిల్లు ఉంటుందా? పప్పు కుక్కరు నురగ కక్కడం, చారు పొంగడం సరేసరి. పడవలో వీటికి తోడు పక్క కిటికీలోంచి వచ్చే గాలి ఉంది, వేగంగా పోయే పడవొకటి మనల్ని ఊపేసి వెళ్ళడం ఉంది. కాబట్టి పైన బర్నర్లకి, గ్రిల్‌కి, ఓవెన్‌కి, అన్నిటికీ ఈ ఏర్పాటు ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా ఆ పొయ్యి నాకొద్దు. కొన్నాళ్ళకి పుల్ల మీద మసి పట్టో, పాతబడో, నాబ్ వదలగానే మంట ఆరిపోవడం మొదలవుతుంది. అప్పుడు నాబ్ కింద అట్టముక్క దోపి నడిపించే మేధావులు ఉన్నారు. ఆ పుల్ల మార్పించడానికి పెద్ద ఖర్చవదు. పని చేస్తోందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే: మంట ఆర్పిన కాసేపటికి లోపల 'టిక్' మని చిన్న చప్పుడు వస్తుంది. అది వినడం ఒక అలవాటుగా పెట్టుకుంటే చాలు.

రెండోది జెట్లు, అంటే గ్యాసు బయటికొచ్చే సన్నని రంధ్రాలు. ఇక్కడ ఇళ్ళలో వచ్చేది పైపుల సహజవాయువు. దానికి ఒత్తిడి తక్కువ, రంధ్రాలు పెద్దవి. అదే పొయ్యిని పడవ సిలిండరుకి తగిలిస్తే కావలసినదానికన్నా గ్యాసు ఎక్కువొచ్చి, మంట పసుపుపచ్చగా పైకి లేస్తుంది, గిన్నెలు మసిబారతాయి, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. మేము పడవ కొనే రోజుల్లో ఒకాయన "కొత్త కుక్కరు సార్, మొన్ననే పెట్టించా" అని గొప్పగా వెలిగించి చూపించాడు. మంట జానెడు ఎత్తున, నారింజరంగులో. బావుందండీ, దీపావళికి పనికొస్తుంది అనుకుని వచ్చేశాం. ఎవరి ఇంట్లోంచో తీసేసిన పొయ్యి చవగ్గా దొరికి, జెట్లు మార్చకుండానే బిగించాడని మాతో వచ్చిన గ్యాసు ఇంజనీరు చెప్పాడు. కాబట్టి పొయ్యి వెనకో అడుగునో అంటించిన పలక చదవండి. ప్రొపేను, 37 మిల్లీబార్లు అని ఉండాలి. కొన్ని ఇంటి పొయ్యిలకి జెట్లు మార్చుకోవచ్చు, కొన్నిటికి అసలు కుదరదు. మార్చడం కుదిరినా మన చేత్తో కాదు. పడవే ఇల్లయినప్పుడూ, పడవ అద్దెకిచ్చేటప్పుడూ ఆ పని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉన్నవాళ్ళే చేయాలని చట్టం. అందులోనూ పడవల ఎల్పీజీకి అర్హత ఉన్నట్టు వాళ్ళ కార్డు వెనక రాసి ఉండాలి. ఇళ్ళకి మాత్రమే పనిచేసేవాళ్ళు వేరు.

ఇప్పుడు మన వంట. దీని గురించి ఇక్కడి పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. ఇంగ్లీషువాళ్ళ పడవ వంట అంటే ఓ సూపు, నాలుగు సాసేజీలు, టీ. పది నిమిషాలు వెలిగించి ఆపేస్తారు. మనకి అన్నం, పప్పు, కూర, చారు, పోపు, ఆపైన ఆదివారం వేపుళ్ళు. రోజుకి రెండు గంటలు పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. అది చాలదన్నట్టు చుట్టాలొస్తే బిరియానీకి గుండిగ దింపుతాం. పడవ పొయ్యి చిన్నది. దాని మీద వెడల్పాటి గుండిగ పెడితే బర్నరు చుట్టూ గాలాడక మంట ఉక్కిరిబిక్కిరవుతుంది. రెండు బర్నర్లని కప్పేసే పెద్ద పెనం కూడా అంతే. పుట్టేది మళ్ళీ కార్బన్ మోనాక్సైడే. అందుకే నేను నాలుగు బర్నర్లు ఇరుకుగా ఉన్నవాటికన్నా రెండో మూడో దూరం దూరంగా ఉన్న పొయ్యే మేలంటాను. పడవలో ప్రెషర్ కుక్కరు లాంటి ఆప్తుడు ఇంకోడు లేడు. గ్యాసు సగం ఆదా, గోడల మీద చెమ్మ తక్కువ. మాకు 13 కిలోల సిలిండరు నెలా పదిహేను రోజులొస్తోంది.

ఇన్ని గంటలు వెలిగే పొయ్యికి గాలి కావాలి. పైకప్పు మీద పుట్టగొడుగుల్లాంటి గొట్టాలు, తలుపుల కింద జల్లెడ పలకలు అందుకే పెడతారు. వాటికి మూసే వీలు కావాలనే ఉంచరు. డిసెంబరులో వాటిలోంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కిందటి క్రిస్మస్ సెలవులకి మా స్నేహితుడి కుటుంబం, తెనాలి నుంచి వచ్చిన వాళ్ళ మామగారితో సహా మా పడవలో రెండ్రోజులున్నారు. రాత్రి వంటవుతుండగా చూస్తే తలుపు కింద పలకకి స్నానాల తువ్వాలు దట్టంగా కుక్కి ఉంది.

"పిల్లాడికి జలుబు చేస్తుందని నేనే మూశాను బాబూ. ఎంత చలిగాలో!" అన్నారు పెద్దాయన.

"పర్లేదు బాబాయిగారూ, వాడికి ఇంకో స్వెట్టరు వేద్దాం. ఆ తువ్వాలు మాత్రం తీసేయాలి" అన్నాను.

"పొయ్యి వెలుగుతోందిగా, మూసేస్తే గది వెచ్చబడుతుంది కదయ్యా."

ఆయన చెప్పినదాంట్లో లాజిక్కు ఉంది. ఇబ్బందల్లా ఆ లాజిక్కే మనుషుల్ని చంపింది. 2014 జనవరిలో ఉత్తర ఇంగ్లండులోని విట్‌బీ రేవులో ఎష్కోల్ అనే చేపల పడవలో ఇద్దరు యువకులు చలికి తట్టుకోలేక గ్యాసు కుక్కరు గ్రిల్ వెలిగించుకుని నిద్రపోయారు. మళ్ళీ లేవలేదు. పడవలో కార్బన్ మోనాక్సైడు అలారం లేదని ప్రమాదాలపై విచారణ చేసే ప్రభుత్వ విభాగం తేల్చింది. ఈ సంగతి పెద్దాయనకి చెప్పాక, ఉన్న రెండ్రోజులూ ఆ పలకకి ఆయనే కాపలా.

ఇక్కడ చాలామంది పడే తికమక ఒకటుంది. వంటగ్యాసు లీకైతే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది, అది కావాలని కలిపిన వాసన. కార్బన్ మోనాక్సైడుకి వాసనా రంగూ ఏవీ లేవు, గ్యాసు లీకవకుండా మంట చక్కగా వెలుగుతున్నప్పుడే పుట్టొచ్చు. తలనొప్పి, వికారం, మగతగా ఉంటే జలుబనుకుని దుప్పటి కప్పుకుంటాం. ఒకదాని అలారం రెండోదాన్ని కనిపెట్టదు. గ్యాసు అలారం నేలబారున ఉండాలి, కార్బన్ మోనాక్సైడుది మనం ఊపిరి పీల్చే ఎత్తులో. పడవలకి పనికొచ్చేది బీఎస్ ఈఎన్ 50291-2 అని రాసి ఉన్నది. చివర్న ఆ 2 ఉందో లేదో చూసుకోండి. వాటికీ గడువు తేదీ ఉంటుంది. అది దాటితే మీట నొక్కినప్పుడు కూత వచ్చినా నమ్మకూడదు, కూతంటే బ్యాటరీ బాగుందనే కానీ లోపలి సెన్సారు బాగుందని కాదు.

ఇదంతా చెబితే వచ్చే జవాబు ఒకటే: "మా పడవకి సేఫ్టీ సర్టిఫికెట్ ఉందండీ." బోట్ సేఫ్టీ స్కీమ్ అని 1997 నుంచి ఉంది, నాలుగేళ్ళకోసారి పరీక్ష, అది లేనిదే కాలువ మీద లైసెన్సు ఇవ్వరు. మంచి పద్ధతే. 2019 ఏప్రిల్ నుంచి పడుకునే వీలున్న పడవల్లో కార్బన్ మోనాక్సైడు అలారం తప్పనిసరి కూడా చేశారు. కానీ అది ఆ రోజు పరిస్థితికి మాత్రమే సాక్ష్యం. నాలుగేళ్ళలో రబ్బరు గొట్టం ఎండి పగలొచ్చు, పైపు బిగింపు ఇంజను అదురుకి వదులవ్వొచ్చు. సొంత పడవల్లో గాలి రంధ్రాలు లెక్కకి తక్కువైతే పరీక్ష తప్పించరు, సలహాగా రాసి వదిలేస్తారు. సాఫ్ట్‌వేరువాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, నాలుగేళ్ళ క్రితం టెస్టింగులో పాసైన కోడు ఇవాళ ప్రొడక్షన్లో బాగుందని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా?

మేము చేసేది చాలా తక్కువే. సిలిండరు అరలో బబుల్ టెస్టరు అని గాజు బుడ్డితో చిన్న పరికరం బిగించి ఉంది. పొయ్యి, గీజరు అన్నీ ఆపి, సిలిండరు మాత్రం తెరిచి, దాని మీట పది సెకన్లు నొక్కి పట్టుకుంటే బుడ్డిలో బుడగలు రాకూడదు. వచ్చాయంటే ఎక్కడో లీకుందన్నమాట. సిలిండరు మార్చిన ప్రతిసారీ, లేకపోతే నెలకోసారి. సబ్బునురగ రాసి చూసే మన పాత పద్ధతి ఇక్కడ వద్దు. గిన్నెలు తోమే సబ్బులో ఉప్పు లోహాన్ని తినేస్తుంది, దానికి వేరే ద్రవం అమ్ముతారు. రబ్బరు గొట్టం మీద తేదీ చూడటం, రెగ్యులేటరుకి పదేళ్ళు నిండకుండా మార్చడం, మంట నీలంగా ఉందో లేదో గమనించడం. ఇంతే.

రాత్రి పడుకునేముందు సిలిండరు కట్టేయడం కూడా. ఇక్కడివాళ్ళలో కొందరు దీన్ని చాదస్తమంటారు. వానలో ముక్కు దాకా నడిచి వెళ్ళి మూత తీసి కట్టేయాలంటే బద్ధకమే మరి. కానీ మా అమ్మ ఇప్పటికీ ఫోను పెట్టేసేముందు "గ్యాసు కట్టేశావా?" అని అడుగుతుంది. గుంటూరులో అలవాటుకి అడిగే ఆ మాట అసలు సరిపోయేది పడవకే.

అన్నట్టు, ఈ పనులు ఎవరికి తెలియాలి? మన ఇళ్ళలో పడవ బేరమాడేది, కాగితాలు చదివేది, ఇంజనీరుతో మాట్లాడేది మొగుడు. పొయ్యి దగ్గర నిలబడేది ఎక్కువగా ఆవిడ. పడవ అప్పగించేటప్పుడు అమ్మేవాడు కూడా ఆయన్నే పిలిచి అన్నీ చూపిస్తాడు. గ్యాసు ఆపే మీట ఎక్కడుందో తెలియని మనిషి చేతిలో రోజుకి రెండుసార్లు పొయ్యి పెడుతున్నాం. మా పడవలో బబుల్ టెస్టరు పని మా ఆవిడది. నాకన్నా తనే కచ్చితంగా చేస్తుంది, నా మీద గూఢచర్యం కూడా.

అసలు గ్యాసే ఎందుకు, ఇండక్షన్ పెట్టుకోవచ్చుగా అనేవాళ్ళూ ఉన్నారు. లిథియం బ్యాటరీలు, పెద్ద ఇన్వర్టరు పెట్టి గ్యాసు పూర్తిగా తీసేసిన పడవలు ఇప్పుడు పెరుగుతున్నాయి. మెరీనాలో కరెంటు తీగ తగిలించుకుని ఉండేవాళ్ళకి అది భేషైన పద్ధతి, అలాంటివాళ్ళు గ్యాసు జోలికి పోవద్దనే చెబుతాను. మాలా పద్నాలుగు రోజులకోసారి చోటు మారుతూ తిరిగేవాళ్ళకి డిసెంబరులో సోలారు పలకల మీద సాంబారు కాగదు. ఇంజను వేసి బ్యాటరీ నింపుదామంటే, పక్కన ఇతర పడవలున్నప్పుడు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజను వేయకూడదని నియమం. రోజుకి రెండు గంటల మన వంటకి ప్రస్తుతానికి గ్యాసే నాకు సరిగ్గా కనిపిస్తోంది, పైన చెప్పినవన్నీ పాటిస్తేనే సుమా.

చివరగా, పడవ కొనే ఉద్దేశం లేకపోయినా వేసవి సెలవుల్లో నాలుగు కుటుంబాలు కలిసి వారం రోజులకి పడవ అద్దెకి తీసుకునేవాళ్ళున్నారు. తాళాలు ఇచ్చేముందు అద్దెవాళ్ళు అంతా తిప్పి చూపిస్తారు. సాధారణంగా ఆ సమయానికి మనవాళ్ళలో సగంమంది ఫోటోలు తీసుకుంటూ, మిగతా సగం సామాన్లు దింపుతూ ఉంటారు. వంట చేయబోయేవాళ్ళు ఎవరో వాళ్ళు ఆయన వెనకే నడవండి. సిలిండరు ఎక్కడుంది, గ్యాసు ఆపే మీట ఎటు తిప్పాలి, అలారం ఎక్కడుంది, గాలి రంధ్రాలు ఏవి అని అడగండి. గుండిగ ఇంటి దగ్గరే వదిలేసి రండి.